రెండో బెల్లంముక్క

మా ఇంట్లో తినే వస్తువు ఏదైనా ఒక్క పిల్ల నోట్లోకే పోదు. అది మా అత్తమ్మ మొగులమ్మ పెట్టిన చట్టం. పల్లీపట్టీ అయినా, జామకాయ అయినా, ఇస్నాపూర్ అంగట్లో కొన్న బూందీ పొట్లమైనా, ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అన్ని భాగాలు. కత్తిపీట దగ్గర్లో లేకపోతే కొంగు కప్పి పంటితో కొరికి పంచుతుంది. కొంగు అడ్డముంటే అది కాకి ఎంగిలి, తప్పు లేదు. ఒక పిల్లకు పెట్టి ఇంకో పిల్లను చూస్తూ కూర్చోనివ్వడం ఆమె లెక్కలో దొంగతనం కంటే పెద్ద నేరం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఇది చూసి మురిసిపోయాను. ఇప్పుడూ మురిసిపోతాను కానీ, రెండువేల ఆరు ఎండాకాలం తర్వాత కాస్త జాగ్రత్తగా మురిసిపోతున్నాను.

అప్పటికి మా అఖిలకు ఎనిమిదేళ్లు. అది కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు ఇస్నాపూర్‌లో లేరు. ఒక ముద్ద మా ఇంట్లో తింటే రెండో ముద్దకు పక్కింటి గడపలో ఉండేది. మాట మొదలుపెట్టి సగంలో ఇంకో మాటలోకి దూకేది. పలకలు, పెన్సిళ్లు, చెప్పులు ఎక్కడెక్కడ పోయేవో దానికే తెలియదు. బళ్లో మిస్సు నన్ను చూస్తే చాలు తల పట్టుకునేది. మొండిదనీ, గారం చేసి చెడగొట్టామనీ, దిష్టి అనీ అన్నవాళ్లందరి మాటా విన్నాను. దెబ్బలు కూడా వేశాను, పని చేయలేదు.

ఆ మార్చిలో ఒక సాయంత్రం హైవే అవతల పెద్ద ట్రైలర్ ఆగింది. ఏదో ఫ్యాక్టరీకి బాయిలర్ మోసుకొచ్చింది. దాని చక్రాలు ఎన్నో లెక్కపెట్టాలని మా పిల్లకు బుద్ధి పుట్టింది. బుద్ధి పుట్టడం, రోడ్డు దాటడం ఒక్కసారే జరిగాయి. బొంబాయి లారీ ఒకటి బ్రేకు వేసిన చప్పుడు మా గల్లీదాకా వినిపించింది. నేను పరుగెత్తి వెళ్లేసరికి లారీ డ్రైవరు దిగి వణుకుతూ బీడీ వెలిగించుకుంటున్నాడు. అఖిల మాత్రం అవతలి గట్టున నిలబడి, "అమ్మా, మస్తు చక్రాలున్నయి" అని చెయ్యి ఊపింది.

ఆ మర్నాడే మా ఆయన యాదగిరి తీర్పు చెప్పేశాడు. ఆయన పటాన్‌చెరులో పంపుల కంపెనీలో ఫిట్టరు. కోపం వస్తే అరవడు, గొంతు ఇంకా తగ్గిస్తాడు.

"సంగారెడ్డిల ఆడపిల్లల హాస్టలున్నది. గోడలు ఇంతెత్తున్నయి. ఆడికెల్లి రోడ్డు కానరాదు. జూన్‌ల ఆడ ఏస్త."

"ఎనిమిదేండ్ల పిల్లనా?"

"లారీ కింద పడేదానికన్న హాస్టల్ల ఏడ్సుకుంట ఉన్నా మంచిదే."

ఆయనది ప్రేమ కాదని ఎలా అనగలను? ఆ బ్రేకు చప్పుడు ఆయన చెవుల్లోనూ ఉంది. కానీ నా పిల్ల గోడల మధ్య, దాని జడ ఎవరో అల్లుతుండగా, నేను లేకుండా ఉండటమన్న ఆలోచననే దగ్గరికి రానివ్వలేకపోయాను.

నేను బిస్కెట్ల కంపెనీలో ప్యాకింగ్‌లో పనిచేసేదాన్ని. మా సూపర్‌వైజరమ్మ చెబితే పటాన్‌చెరు బస్టాండు వెనక సైకిల్ షాపు మీది అంతస్తులో ఆదివారాలు కూర్చునే డాక్టర్ హైమావతి గారి దగ్గరికి పోయాం. ఆమె అమ్మానాన్నలు గోదావరి వైపు నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్లట. ఆమె చదువంతా కంపెనీ క్వార్టర్లలోనే. గబగబా మాట్లాడుతుంది. మాట్లాడుతున్నంతసేపూ టేబుల్ కింద పాదం ఆడిస్తూనే ఉంటుంది. అఖిలకు ఆమె తెగ నచ్చేసింది.

చాలాసేపు ప్రశ్నలు అడిగి, ఈలోగా తిరిగే స్టూలు మీద గింగిరాలు కొడుతున్న అఖిలను చూసి, ఆమె అంది: "మీ అమ్మాయి మొండిదీ కాదు, చెడ్డదీ కాదమ్మా. మీ పెంపకంలోనూ లోపం లేదు. దీనికో పేరుంది. ఏడీహెచ్‌డీ అంటారు."

నా బిడ్డ చేసేదానికి ఒక పేరుందన్న మాట వినగానే నాకు ఒళ్లంతా పులకరించింది. ఊరంతా పెట్టిన పేర్లన్నీ ఒక్క దెబ్బతో ఎగిరిపోయినట్టనిపించింది. మెట్లు దిగి కింద సైకిల్ షాపువాడికి కూడా చెప్పాలనిపించింది.

"మందున్నదా మేడం?" అన్నాను.

"రెండు రకాలున్నాయి. మెదడుని ఉత్తేజపరిచేవి ఒక రకం. అవి ఇక్కడ దొరకడం కష్టం, సిటీకి తిరగాలి. ఇంకో రకం అలాంటిది కాదు, ఈ మధ్యే వచ్చింది. నెమ్మదిగా పనిచేస్తుంది. చాలామంది పిల్లలకి మేలు చేస్తోంది. కానీ కొందరిలో ఉన్న గోల తగ్గకపోగా ఇంకా పెరుగుతోంది. ఎవరిలో పెరుగుతుంది, ఎందుకు పెరుగుతుంది, అదే నేను పరిశోధన చేస్తున్నాను. మీరు ఒప్పుకుంటే అఖిలని కూడా అందులో చేర్చుకుంటాను."

మా ఆయన గొంతు తగ్గింది. "అంటె మా పిల్ల మీద తజుర్బా చేస్తరా?"

"మందు బజార్లో అమ్ముతున్నదేనండి. రాసిచ్చి వదిలెయ్యకుండా ప్రతి ఆదివారం చూస్తానంటున్నాను. మంచి జరిగినా చెప్పండి, చెడు జరిగినా చెప్పండి. నాకు రెండూ ముఖ్యమే."

అలా ముఖాన చెప్పడం ఆయనకు నచ్చిందనుకుంటా. "బోనాల దాకా సూస్త" అన్నాడు. బోనాలంటే ఆషాఢం. అప్పటికీ బాగుపడకపోతే హాస్టలే. నాకు దొరికిన గడువు అది.

మందు వేసే పని అత్తమ్మది. మేమిద్దరం పొద్దున్నే డ్యూటీలకు పోతాం. వారానికి ఒక్క సెలవు దొరికితే ఆ పూటంతా నీళ్ల ట్యాంకరు దగ్గర బిందెలతో నిలబడటానికే సరిపోయేది. "తిన్నంక ఒక గోలి మింగియ్యాలె అత్తమ్మా" అని అప్పజెప్పాను. మొదటి రోజుల్లో అఖిల మింగేది తక్కువ, ఉమ్మేసేది ఎక్కువ. "నాకే ఎందుకు? నాకేమైంది?" అని ఇల్లు పీకి పందిరేసేది. నేను జ్వరం రాకుండా అన్నాను, మా ఆయన బలానికి అన్నాడు. ఆయనకు షుగరుందని డాక్టరు రాసిచ్చిన గోలీలు మాత్రం టీవీ మీద దుమ్ము కొట్టుకుపోతున్నాయి. అవి వేసుకొమ్మంటే, "నాకేం రోగం? మంచిగున్న" అనేవాడు.

ఏప్రిల్ చివర బడి సెలవులిచ్చారు. మా ఆయన అక్క పుష్పమ్మ వదిన కిష్టారెడ్డిపేట నుంచి తన కూతురు రవళిని మా ఇంట్లో దింపి వెళ్లింది. రవళి అఖిల ఈడుదే. నెమ్మదస్తురాలు, ముద్దపప్పు. అది వచ్చిన మర్నాటి నుంచి గోలీ దగ్గర గోల ఆగిపోయింది. "ఎట్ల మింగుతున్నది అత్తమ్మా?" అని అడిగితే, "బెల్లంల పెట్టి ఇస్తున్న. మంచిగ తింటున్నది" అంది. బెల్లం మహిమకు దండం పెట్టుకున్నాను.

ఇక చూడండి, మే నెలలో ఒక సాయంత్రం కంపెనీ వ్యాన్ దిగి గల్లీలోకి వచ్చేసరికి ఇంట్లోంచి చప్పుడు లేదు. మా ఇంట్లో చప్పుడు లేదంటే ఏదో మునిగిందన్నమాట. చెప్పులు చేతబట్టుకుని ఉరికాను. అరుగు మీద సుద్దతో గళ్లు గీసుకుని అత్తమ్మ, రవళి, అఖిల అష్టాచెమ్మ ఆడుతున్నారు. అఖిల బాసింపట్టు వేసుకుని కూర్చుంది. చేతులు ఒళ్లో ఉన్నాయి.

"ఆడుతలేవా బిడ్డా?" అన్నాను.

తల కూడా ఎత్తలేదు. "నా వంతు గాదమ్మా. రవళిది."

నా పిల్ల తన వంతు కోసం ఎదురుచూస్తోంది. నేను టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్టు మీదే కూలబడ్డాను. ఆట చివరిదాకా నడిచింది. ఎవరూ గింజలు చెదరగొట్టలేదు, ఎవరూ లేచిపోలేదు. అఖిల ఓడిపోయి కూడా "ఇంకో ఆట" అంది. అప్పుడే వచ్చిన మా ఆయన బండికి స్టాండు వేయడం మరిచి దాన్ని పట్టుకునే నిలబడిపోయాడు. ఆ వారం ఆయనే స్వయంగా డాక్టరమ్మకు చెప్పాడు, ఆట మొత్తం, ఎవరి కాయ ఎక్కడ చచ్చిందో కూడా. ఆమె చప్పట్లు కొట్టినంత పని చేసింది. "మొదటి మోతాదు అయిపోయిందిగా, ఇక అసలు మోతాదుకి వెళ్దాం" అని పెద్ద గోలీ రాసింది.

ఆ రోజుల్లో నేను నేల మీద నడిచానా అని నాకే అనుమానం. ప్యాకింగ్ బెల్టు దగ్గర పాడుకునేదాన్ని. మధ్యలో చిన్న చిన్న చికాకులు లేకపోలేదు. ఒకసారి పిల్లలిద్దరికీ కళ్లు ఎర్రబడి మండాయి. ఎండాకాలం కండ్లకలక అనుకుని చన్నీళ్లతో కడిగాం. రవళి అన్నం దగ్గర సతాయించేది, పగలు కూడా ముడుచుకుని పడుకునేది. జూన్‌లో వదిన దాన్ని తీసుకుపోవడానికి వచ్చి బిడ్డ రెక్క పట్టుకుని చూసింది.

"ఏమే కౌసల్యా, నా బిడ్డకు బువ్వ పెట్టిన్రా లేదా? బొక్కలు తేలినయి."

"పెట్టినం వదినా. అదే తింటలేదు."

"మా ఇంట్ల తింటది గద మరి."

ఆమె మూతి ముడుచుకునే బస్సెక్కింది. నాకు ఆ పూటంతా మనసు బాగోలేదు కానీ, అఖిల సంతోషంలో అదీ మరిచిపోయాను.

రవళి వెళ్లింది, బళ్లు తెరిచారు, అఖిల తల్లకిందులైంది. ఇంతకుముందు అది అల్లరి చేసేది, కానీ నవ్వుతూ చేసేది. ఇప్పుడు నవ్వు పోయింది. ఊరికే ఏడ్చేది, ముట్టుకుంటే విదిలించేది. తిన్నది కక్కేది. నిద్రపోయేది కాదు. బళ్లో ఒక పిల్ల చేతిని రక్తం వచ్చేలా కొరికింది. మిస్సు ఈసారి తల పట్టుకోలేదు, "తీసుకపొండమ్మా" అని చెయ్యి చూపించింది. ఒక సాయంత్రం మా ఆయన బండి మీద కొత్త ట్రంకు పెట్టె కట్టుకొచ్చి అరుగు మీద, ఆ సుద్ద గళ్ల మీదే పెట్టాడు.

డాక్టరమ్మ అన్నీ విని ముందుకు వంగింది. ఆమెకు నా బిడ్డ మీద జాలి ఉంది, అది కనిపిస్తూనే ఉంది. కానీ కళ్లలో ఇంకో వెలుగు కూడా ఉంది.

"కౌసల్యగారూ, నేను వెతుకుతున్నది సరిగ్గా ఇదే. మొదట్లో బాగుపడి, తర్వాత ఒక్కసారిగా పెరగడం. ఇలాంటి పిల్ల నాకింకా దొరకలేదు. ఇంకేమైనా మారిందా ఇంట్లో? తిండి, నీళ్లు, ఇంకో మందేదైనా?"

"ఏం మారలే మేడం. బడి తెరిసిన్రు, అంతే."

"అయితే వచ్చే ఆదివారం దాకా చూసి ఆపేద్దాం. ఈ మందు ఈ పిల్లకి పడదు." ఆ సంగతి కాగితం మీద రాసుకుని, "నాకు పనికొచ్చింది గానీ మీకు పనికిరాలేదు. క్షమించండి" అంది.

ఆ మాటకు ఆమె మీద కోపం రాలేదు. ఇంటికొచ్చాక మా ఆయన, వచ్చే ఆదివారం పొద్దున్నే సంగారెడ్డి హాస్టల్‌వాళ్లు రమ్మన్నారని చెప్పాడు. బోనాలు ఇంకా రాలేదు కదా అన్నాను. "ఇంక ఏం సూస్తవే?" అన్నాడు. గొంతు బాగా తగ్గిపోయింది.

ఆ వారం వానలు పట్టుకున్నాయి. ఆదివారం నీళ్ల ట్యాంకరు దగ్గరికి పోవాల్సిన పని లేకపోయింది. మా ఆయన బయట పెట్టెను బండికి కడుతున్నాడు. నేను వంటింటి గడప మీద కూర్చుని అఖిలకు జడ వేస్తున్నాను. అదే చివరిసారేమోనని మెల్లగా, పాయ పాయా దువ్వుతున్నాను. పెరట్లో పొయ్యి దగ్గర అత్తమ్మ గోలీ తీసింది. ఆ క్యాప్సూలును రెండు చివర్లూ పట్టుకుని తిప్పి విప్పింది. బెల్లంముక్క మెత్తగా పిసికి అందులో పొడి పోసి ఉండ చేసింది. కొంగుకు వేళ్లు తుడుచుకుంది. పక్కనే ఆకు మీద ఇంకో బెల్లం ఉండ ఉంది.

"ఆ రెండోది ఎవరికి అత్తమ్మా?"

ఆమె దానివైపు చూసి చిన్నగా నవ్వింది. "రవళికి. అది పోయినంక గూడ నా చెయ్యి ఊకుంటలేదు. రోజు రెండే చేస్తున్న."

"రవళికి ఒట్టి బెల్లమేనా?"

"ఒట్టిదెట్లయితది పిల్లా? దీనికి సగం, దానికి సగం. ఇప్పుడు అది లేదు గద, అంత దీనికే." అని ఆ రెండో ముక్క తన నోట్లో వేసుకుంది.

జడ నా చేతిలోంచి జారిపోయింది. సగం. ఎండాకాలమంతా సగం. రవళి బస్సెక్కిన మర్నాటి నుంచి మొత్తం. ఎర్రబడ్డ కళ్లు, బొక్కలు తేలిన రవళి, వదిన ముడుచుకున్న మూతి, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నిలబడ్డాయి. మొదటి ఉండ అఖిల నోటిదాకా వెళ్లింది. లాక్కుని పొయ్యిలో పారేశాను.

"ఏందమ్మా?" అంది అఖిల.

"ఏంలే బిడ్డా. ఇయ్యాల గోలి లేదు."

ఒక్క ఉరుకులో బయటికి వచ్చాను. "పెట్టె దించు" అన్నాను మా ఆయనతో.

"పది గొట్టంగ రమ్మన్నరు వాళ్లు."

"సంగారెడ్డి యాడికి పోదు. ముందు డాక్టరమ్మ తానికి పోవాలె. అత్తమ్మ గూడ రావాలె. అందరం పోవాలె. జల్దీ."

నా ముఖంలో ఏం చూశాడో, ఆయన తాడు వదిలేశాడు. హైవే మీద సెవెన్ సీటర్ ఆటో దొరికింది. అందులో అప్పటికే పదిమంది ఉన్నారు, మేం నలుగురం ఎక్కాం. ముత్తంగి వచ్చేలోపు ఆటోలో అందరికీ మా సంగతి తెలిసిపోయింది. ఎందుకంటే అత్తమ్మ నోరు మూయలేదు.

"నేనేమన్న ఇసం పెట్టిన్నా? ఇద్దరు పిల్లలున్నప్పుడు ఒకదానికే ఎట్ల పెడ్తరు?"

"అది తినే వస్తువు గాదత్తమ్మా, మందు."

"నోట్లకెల్లి పోయేదంత తినేదే గదనే."

కూరగాయల గంప ఒళ్లో పెట్టుకున్న ఒకామె అత్తమ్మ పక్షం చేరింది. "అవ్వ జెప్పింది నిజమే. నేను గూడ దగ్గు మందు ముగ్గురు పిల్లలకు పోస్త. ఒకరికి పోసి ఒకరికి పోయకుంటె ఊకుంటరా?" డ్రైవరు వెనక్కి తిరిగి నవ్వుతుంటే మా ఆయన ముందుకు చూసి నడపమన్నాడు. నాకు మాత్రం సంతోషంగా ఉంది. మందు మోసం చేయలేదు, నా పిల్లా మోసం చేయలేదు. తప్పు దొరికింది, దొరికిన తప్పును దిద్దుకోవచ్చు.

డాక్టరమ్మ నా మాట మొత్తం వినకుండానే లేచి నిలబడింది. "ముందు ఆ రెండో పాప ఎలా ఉంది?" అని అడిగి తన ఫోను నాకిచ్చింది. వదిన అవతలినుంచి, "ఇప్పుడు మంచిగనే తింటుంది. మా ఇంటికొచ్చినంక బుగ్గలొచ్చినయి. ఎందుకే?" అంది. డాక్టరమ్మ ఫోను తీసుకుని రేపే పిల్లను తెమ్మని చెప్పింది. మర్నాడు వదిన తెచ్చింది, రవళికి ఏ ఇబ్బందీ లేదని తేలింది, తర్వాత వదిన మమ్మల్ని ఎన్ని మాటలందో ఇక్కడ రాయను. అన్నీ న్యాయమైనవే.

"అవసరం లేని పిల్లకి ఈ మందు ప్రమాదం అవ్వా," అని డాక్టరమ్మ అత్తమ్మకు గట్టిగానే చెప్పింది. "విప్పితే ఆ పొడి కళ్లకి తగిలినా మంటే. వీళ్ల కళ్లు ఎర్రబడింది అందుకే. ఇంకెప్పుడూ గోలీ విప్పకూడదు, ఇంకొకళ్లకి పెట్టకూడదు." అత్తమ్మ తల దించుకుంది. రవళి పేరు ఎత్తగానే ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

డాక్టరమ్మ మాత్రం గదిలో అటూ ఇటూ నడవడం మొదలుపెట్టింది. "అఖిలని గోల పెరిగిన పిల్లల గుంపులో వేసుకున్నాను. అది తప్పు. మోతాదు ఒక్కరోజులో రెట్టింపైతే ఎవరికైనా తేడా చేస్తుంది. మరి ఆ గుంపులో మిగిలిన పిల్లలో? వాళ్లిళ్లల్లో ఇంకెంతమంది పిల్లలున్నారు? నేనొక్కళ్లనీ అడగలేదే." ఆమె నవ్వుతోంది, తలకాయ కొట్టుకుంటోంది. "ప్రతి ఇంటికీ నేనే వెళ్తాను. పొద్దున్న గోలీ వేసే టైముకి వెళ్లి కూర్చుంటాను."

మా ఆయన అడిగాడు. "మరి ఎండకాలంల మంచిగైంది గద. అది మందుతోనేనా మేడం?"

ఆమె నడక ఆపింది. "నిజం చెప్పాలంటే తెలీదండి. ఆ సగం మందు సరిపోయి ఉండొచ్చు. తోడుకి ఇంకో పిల్ల ఉండటం వల్ల కావొచ్చు. బడి లేకపోవడం వల్ల కూడా కావొచ్చు. కొన్నాళ్లు పూర్తిగా ఆపి, మళ్లీ చిన్న మోతాదుతో మొదలుపెడితే తప్ప చెప్పలేను." తర్వాత అత్తమ్మ ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. గొంతు మెత్తబడింది. "అవ్వా, అసలు ఎందుకు పంచారు? ఆ పాపకి జబ్బు లేదని మీకు తెలుసుగా."

"తెలుసు బిడ్డా. ఇది రోజు ఒక్కటే అడిగేది, నాకే ఎందుకు, నాకే ఎందుకు అని. ఏం జెప్పాలె? రవళికి గూడ పెట్టినంక అడుగుడే బంద్ జేసింది."

స్టూలు మీద తిరుగుతున్న అఖిల కాలితో నేల తన్ని ఆపింది. "నాకొక్కదానికే ఇస్తె నేనొక్కదాన్నే ఖరాబైనట్టు గద. రవళికి గూడ ఇస్తె అది ఒట్టి బెల్లమే." అని మళ్లీ తిరగసాగింది.

మా ఆయన లేచి కిటికీ దగ్గరికి పోయాడు. కింద సైకిల్ షాపులో ఎవరో ట్యూబుకు గాలి కొడుతున్నారు. ఆయన అదే చూస్తూ నిలబడ్డాడు. తిరిగి వచ్చాక డాక్టరమ్మతో, "బోనాల దాకా సూస్త అన్న గద మేడం. బోనాలు ఇంకా కాలే" అన్నాడు. హాస్టల్ మాట ఎత్తలేదు.

మందు ఆపేశాక అఖిల కడుపు కుదుటపడింది, నిద్ర వచ్చింది, నవ్వు వచ్చింది, అల్లరీ వచ్చింది. ట్రంకు పెట్టె అరుగు మీదే ఉండిపోయింది. దాని మూత మీద అఖిల మేకుతో అష్టాచెమ్మ గళ్లు గీసేసింది. కొత్త పెట్టె పాడైందని ఎవరూ తిట్టలేదు. డాక్టరమ్మ మళ్లీ మొదలుపెట్టమన్న రోజు మా ఊరి బోనాల రోజే అయింది.

పొద్దుటి నుంచే డప్పులు. అత్తమ్మ పసుపు చీర కట్టుకుని బోనం కుండకు సున్నం బొట్లు పెడుతోంది. అఖిలకు ఉప్మా తినిపించి, చిన్న గోలీ, గ్లాసు నీళ్లు దాని ముందు పెట్టాను. బెల్లం లేదు, విప్పడం లేదు. అది గోలీ వైపు చూసింది, గుమ్మం వైపు చూసింది.

"రవళి రాలేదు గద. ఇగ నేనొక్కదాన్నేనా?"

అత్తమ్మ చేతిలో సున్నం పుల్ల ఆగిపోయింది. మా ఆయన లేచాడు. టీవీ మీంచి తన షుగరు గోలీల పట్టీ తీసి, లుంగీకి దుమ్ము తుడిచి, వచ్చి బిడ్డ ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒక గోలీ అరచేతిలో వేసుకున్నాడు.

"ఇది నాది. నీది నీకు, నాది నాకు. పంచుకునుడు లేదు."

"నాది గూడ ఉన్నది ఆగుండ్రి," అని అత్తమ్మ బీపీ గోలీ కోసం లోపలికి నడిచింది.

"ముందు నువ్వు," అంది అఖిల తండ్రితో.

ఆయన గోలీ నోట్లో వేసుకుని నీళ్లు పోసుకున్నాడు. అది మోకాళ్ల మీద లేచి ఆయన గడ్డం పట్టుకుని ముఖంలోకి చూసింది. బయట డప్పులు మా గల్లీ మలుపు తిరిగాయి. ఇంకో రోజైతే ఈపాటికి అది రోడ్డు మీద ఉండేది.

"నాయినా, నువ్వు గూడ ఖరాబైనవా?"

నోటినిండా నీళ్లు, ఆయన మాట్లాడలేడు. కళ్లు చెమర్చాయి. అవునన్నట్టు తల ఊపాడు.

"అయితె సరే," అంది అఖిల. తన గోలీ నోట్లో వేసుకుని మింగేసింది.